పనికిరాదనే ముందు

దగ్గర్లో కాగితం, పెన్ను ఉంటే పక్కన పెట్టుకోండి. మధ్యలో కొన్ని మాటలు అక్షరం అక్షరంగా చెబుతాను. అవి రాసిపెట్టుకుంటే తర్వాత మీకో, మీ పక్కింటివాళ్ళకో పనికొస్తాయి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే 64 బిట్ ప్రాసెసర్ కావాలి, 4 జీబీ ర్యామ్ కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. పదేళ్ళ కిందటి కంప్యూటర్లలో చాలావాటికి ఈ యోగ్యత లేదు. కీబోర్డు బాగుంది, తెర బాగుంది, హార్డ్ డిస్క్ తిరుగుతోంది, అయినా షాపుకి తీసుకెళితే "ఇది ఇంక పనికిరాదండి, కొత్తది తీసుకోండి" అనే మాటే వినిపిస్తుంది.

మన ఉద్దానం వైపు ఆ మాట ఎవరి మీద పడుతుందో చూడండి. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు ఫ్యాక్టరీ లెక్కల గదిలో ఒక మూల పాత డెస్క్‌టాప్ ఉంటుంది. డబ్ల్యూ 240 రకం పప్పు ఎన్ని డబ్బాలు వెళ్ళాయి, డబ్ల్యూ 320 ఎన్ని వెళ్ళాయి అన్నది అందులోనే ఎక్కిస్తారు. భావనపాడులోనో, వజ్రపుకొత్తూరు వైపో, చెన్నైలో పనిచేసే అన్నయ్య సెకండ్‌హ్యాండ్‌లో కొని చెల్లెలికి పంపిన ల్యాప్‌టాప్ ఉంటుంది. ఆ అమ్మాయి టెక్కలిలో డిగ్రీ చదువుతుంది. ఆ ఇంట్లో "కొత్తది కొనండి" అన్న మాటకి అర్థం "ఇంక కంప్యూటర్ లేదు" అనే. అందుకే ఆ మాట అనేముందు చేయాల్సిన పని ఒకటుంది, విండోస్ బదులు చిన్న లినక్స్ వేసి చూడడం. ఈ రోజు దాని గురించే చెబుతాను.

లినక్స్ కెర్నల్‌ని, అంటే దాని గుండెకాయని, లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టారు. దాని మీద కట్టిన వ్యవస్థల్లో పెద్దవీ ఉన్నాయి, బాగా చిన్నవీ ఉన్నాయి. చిన్నవాటిలో పప్పీ లినక్స్‌ని ఆస్ట్రేలియాకి చెందిన బ్యారీ కౌలర్ 2003లో తెచ్చారు. డ్యామ్ స్మాల్ లినక్స్ అనే 50 ఎంబీ వ్యవస్థ మీద పనిచేసిన రాబర్ట్ షింగిల్‌డెకర్ తర్వాత టైనీ కోర్ తయారుచేశారు. బొమ్మల తెరతో సహా అది ఇరవై ఎంబీ చిల్లర. ఈ రోజుల్లో వాట్సాప్‌లో వచ్చే ఒక వీడియో అంత. గ్రీస్ నుంచి వచ్చిన యాంటిఎక్స్ కూడా ఈ కోవలోదే. తెలుగులోనే పనిచేసే లినక్స్ కావాలని మనవాళ్ళూ పనిచేశారు. స్వేచ్ఛ పేరుతో 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టం వచ్చింది. ఇవన్నీ ఉచితం, కాపీ చేసి పదిమందికి పంచిపెట్టవచ్చు.

పప్పీ, టైనీ కోర్‌లలో నాకు బాగా నచ్చేదేమిటంటే, అవి పెన్‌డ్రైవ్ నుంచి లేచి మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటాయి. హార్డ్ డిస్క్ పాడైపోయినా, అసలు లేకపోయినా నడుస్తాయి. ఉద్దానం వాళ్ళకి కరెంటు సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరిచెట్లు, జీడితోటలతోపాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. తుపాను లేని రోజున కూడా గాలి గట్టిగా వీస్తే సరఫరా ఆగుతుంది. డిస్క్ మీద రాత జరుగుతుండగా కరెంటు పోతే పెద్ద వ్యవస్థలు ఒక్కోసారి మళ్ళీ లేవవు. ర్యామ్‌లో నడిచేదానికి ఆ భయం చాలా తక్కువ. దాని అసలు ఫైలు మీద ఎవరూ రాయరు, అది చదవడానికి మాత్రమే.

ఇంత మంచిదైతే జనం ఎందుకు వదిలేస్తున్నారు? రెండుచోట్ల ఆగిపోయి వదిలేస్తున్నారు. ఒకటి, మొదట్లోనే లేవకపోవడం. రెండోది, లేచిన తర్వాత ఏదో ప్యాకేజీ అదనంగా వేశాక పాడైపోవడం. రెండింటికీ మందుంది.

ముందు లేవకపోవడం సంగతి. "బూట్ అవట్లేదు" అనేది పూర్తి సమాచారం కాదు. ఎక్కడిదాకా వచ్చి ఆగింది అన్నది కావాలి. అసలు పెన్‌డ్రైవ్ వైపే చూడలేదా? మెనూ వచ్చి ఆగిందా? అక్షరాలు గబగబా పరుగెత్తి ఆగాయా?

పెన్‌డ్రైవ్ వైపే చూడకపోతే, ఆన్ చేయగానే నొక్కాల్సిన మీట ఉంటుంది. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్ 12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్ 9, ఏసుస్‌లో ఎస్కేప్. ఏసర్ ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఎఫ్ 12 మెనూని బయోస్‌లోకి వెళ్ళి ముందు ఆన్ చేసుకోవాలి. సెక్యూర్ బూట్ అడ్డుపడుతుంటే బయోస్‌లోనే ఆపవచ్చు. ఇంకొకటి, డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ ఫైలుని మామూలు ఫోటోలాగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే అది లేవదు. రూఫస్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో రాయించాలి. వెంటోయ్ వేసిన పెన్‌డ్రైవ్‌లో మాత్రం ఫైలుని నేరుగా కాపీ చేస్తే సరిపోతుంది.

కొన్నిసార్లు తెర మీద ఒక్క వాక్యం వచ్చి ఆగుతుంది. ఈ కెర్నల్‌కి 64 బిట్ ప్రాసెసర్ కావాలి, నాకు కనిపించింది ఐ 686 మాత్రమే అని. దీన్ని చూసి కంప్యూటర్ పాడైందనుకుంటారు. పాపం, అది సరిగ్గానే చెప్పింది. 32 బిట్ వెర్షన్ దించుకుంటే చాలు. 2008 ప్రాంతంలో వచ్చిన ఆటమ్ ఎన్ 270 చిన్న ల్యాప్‌టాప్‌లు అలాంటివే. పెంటియం ఎమ్ కాలంవి కొన్ని పీఏఈ అనే సదుపాయం లేదని మొరాయిస్తాయి. వాటికి ఫోర్స్‌పీఏఈ అనే మాట ఉంది, దాన్ని మెనూలో ఎలా చేర్చాలో ఇంకాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు అన్నింటికన్నా ఎక్కువ ఎదురయ్యేది. భావనపాడు నుంచి ఒక విద్యార్థిని నాకు ఫోన్ చేసి అడిగిన మాటలు ఇవి.

"మాస్టారూ, మెనూ వస్తంది. ఎంటర్ కొడితే అంతే, నల్లగా ఉండిపోతంది. ఏటీ రాట్లేదు."

"క్యాప్స్ లాక్ నొక్కమ్మా. దాని లైటు వెలిగి ఆరుతోందా?"

"వెలుగుతంది, ఆరుతంది."

అక్కడితో సగం పని అయిపోయింది. క్యాప్స్ లాక్ లైటు మన మాట వింటోందంటే లోపల కెర్నల్ బతికే ఉంది, తెర ఒక్కటే చీకటైంది. అదే లైటు మనం ముట్టుకోకుండానే టపటపా మిణుకుమంటుంటే కెర్నల్ కూలిపోయినట్టు లెక్క. ఒక మీట, ఒక దీపం. ఇంతకన్నా చౌకైన పరీక్ష లేదు.

తెర చీకటైతే ఏం చేయాలో ఇప్పుడు రాసుకోండి. మెనూ కనిపించినప్పుడు ఎంటర్ కొట్టకుండా కీబోర్డు మీద ఇ అక్షరం నొక్కండి. కొన్ని పాత మెనూల్లో ఇ బదులు ట్యాబ్ మీట. నాలుగైదు వరుసలు కనిపిస్తాయి. వాటిలో లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస చివరికి వెళ్ళండి. ఒక ఖాళీ వదిలి, ఎన్, ఓ, ఎమ్, ఓ, డి, ఇ, ఎస్, ఇ, టి. నోమోడ్‌సెట్. అన్నీ చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీ ఉండకూడదు. తర్వాత ఎఫ్ 10 నొక్కండి. ట్యాబ్ మెనూ అయితే ఎంటరే.

కెర్నల్ లేవగానే గ్రాఫిక్స్ చిప్‌ని తన చేతిలోకి తీసుకుని తెర కొలతలు మార్చబోతుంది. పాత చిప్‌లతో అక్కడే తేడా వస్తుంది. నోమోడ్‌సెట్ అంటే, ఆ జోలికి పోకు, బయోస్ ఇచ్చిన తెరతోనే సరిపెట్టుకో అని చెప్పడం. బొమ్మ కాస్త మోటుగా రావచ్చు, వీడియోలు నిదానించవచ్చు, కానీ తెర కనిపిస్తుంది. కనిపించిన తర్వాత సరైన డ్రైవర్ చూసుకుని ఆ మాట తీసేయవచ్చు. మెనూలో ఇలా చేర్చినది ఆ ఒక్కసారికే. తప్పు టైప్ చేసినా ఆపి మళ్ళీ ఆన్ చేస్తే మొదటికి వచ్చేస్తుంది. అందుకే భయపడకుండా ప్రయత్నించమంటాను.

అదే వరుసలో క్వైట్ అనే మాట ఉంటే చెరిపేయండి. అది ఉంటే కంప్యూటర్ మౌనంగా లేస్తుంది. తీసేస్తే చేస్తున్న ప్రతి పనీ తెర మీద చెబుతుంది. ఆగిపోయినచోట చివరి రెండు వరుసలు ఫోన్‌తో ఫోటో తీసి పంపితే, ఎక్కడో బెంగళూరులో ఉన్న మీ బాబాయి కొడుకు కూడా సాయం చేయగలడు. "నల్లగా వస్తంది" అంటే ఎవరూ చేయలేరు.

మరో ఇబ్బంది. అక్షరాలు పరుగెత్తి, ఫైళ్ళు దొరకలేదు అని ఆగుతుంది. ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోనే ఉంటాయి. చాలాసార్లు జరిగేది ఏమిటంటే, కెర్నల్ వెతికే సమయానికి పెన్‌డ్రైవ్ ఇంకా మేలుకోదు. టైనీ కోర్‌కి వెయిట్‌యూఎస్‌బి ఈక్వల్‌టు 5 అని చేర్చితే అయిదు సెకన్లు ఆగి వెతుకుతుంది. పప్పీకి పీమీడియా ఈక్వల్‌టు యూఎస్‌బిఫ్లాష్ అని చెబితే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఏసీపీఐ ఈక్వల్‌టు ఆఫ్ అనే మాట కూడా చాలామంది సలహా ఇస్తారు. అది చివరి అస్త్రంగా ఉంచుకోండి. దానితో ల్యాప్‌టాప్ లేచినా ఫ్యాను అదుపు, బ్యాటరీ లెక్క, తనంతట తాను ఆఫ్ అవడం పోవచ్చు. మన ఎండలకి ఫ్యాను తిరగకపోతే ఎలాగో మీకే తెలుసు.

ఇక్కడ సముద్రం ఒడ్డు వాళ్ళకి ఒక మాట. భావనపాడు, నౌపడ ఉప్పు మడుల దగ్గర గాలిలోనే ఉప్పుంటుంది. ర్యామ్ పలకల అంచులకి, లోపలి కనెక్టర్లకి చిలుము పడుతుంది. ర్యామ్ తీసి, బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్ళీ పెడితే లేచిన కంప్యూటర్లున్నాయి. సీఆర్ 2032 అనే బిళ్ళ బ్యాటరీ అయిపోతే తేదీ ఎప్పటికో వెనక్కి పోతుంది. అప్పుడు బ్రౌజర్ ప్రతి వెబ్‌సైట్‌నీ సురక్షితం కాదంటుంది. జనం లినక్స్‌ని తిడతారు. చేయాల్సిందల్లా ఆ బిళ్ళ మార్చి తేదీ సరిచేయడమే.

ఇక రెండో సంగతి, అదనంగా వేసుకునే ప్యాకేజీలు. అసలు కష్టం ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చెబుతాను.

పప్పీ లోపలి కట్టడాన్ని గాజు పలకల దొంతరలా ఊహించుకోండి. కింద అసలు వ్యవస్థ, ఎస్ఎఫ్ఎస్ అనే ఒకే ఒక్క ఫైలు. దానితోపాటు డ్రైవర్ల ఫైలు. వాటితోపాటు మీరు కావాలనుకుని ఎక్కించిన లిబ్రే ఆఫీసో, ఇంకేదో, ఒక్కోటీ ఒక్కో పలక. అన్నింటికన్నా పైన మీ సేవ్ ఫైలు, అంటే మీరు చేసిన మార్పులు, మీ సెట్టింగులు. పైనుంచి చూస్తే అన్నీ కలిసి ఒకే వ్యవస్థగా కనిపిస్తాయి. ఒకే పేరుగల ఫైలు రెండు పలకల్లో ఉంటే పైదే కనిపిస్తుంది, కిందది మరుగున పడుతుంది.

తప్పు జరిగేది ఈ పలకలు ఒకదానికొకటి పొసగనప్పుడే. పాత పప్పీ కోసం తయారుచేసిన ఎస్ఎఫ్ఎస్‌ని కొత్తదానిలో ఎక్కించారనుకోండి, లేదా కొత్తదాన్ని పాతదానిలో. రెండింటిలో జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ వెర్షన్ వేరు. ఐకాన్ మీద నొక్కితే ఏమీ జరగదు. మళ్ళీ నొక్కుతారు. మళ్ళీ ఏమీ ఉండదు. ఐకాన్ వదిలేసి టెర్మినల్ తెరిచి ఆ ప్రోగ్రాం పేరు టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఫలానా జీలిబ్‌సీ వెర్షన్ దొరకలేదు అనో, ఫలానా లైబ్రరీ ఫైలు లేదు అనో అక్కడ స్పష్టంగా రాసి చూపిస్తుంది. ఎల్‌డీడీ అనే కమాండ్‌కి ప్రోగ్రాం ఫైలు చిరునామా ఇస్తే ఏ లైబ్రరీలు ఉన్నాయో, ఏవి దొరకలేదో జాబితా ఇస్తుంది. అందులో నాట్ ఫౌండ్ అన్న వరుసే మీ రోగం.

ప్యాకేజీ వేసినప్పటినుంచి డెస్క్‌టాపే రావడం లేదనుకుందాం. చాలామంది ఇక్కడ పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసేస్తారు. దానితోపాటు అందులో దాచుకున్న పనంతా పోతుంది. అలా చేయకండి. మెనూలో ఇ నొక్కి, లినక్స్ వరుస చివర ఇది చేర్చండి. పి, ఎఫ్, ఐ, ఎక్స్, ఈక్వల్‌టు, ఆర్, ఎ, ఎమ్. పీఫిక్స్ ఈక్వల్‌టు ర్యామ్. దీంతో పప్పీ మీ సేవ్ ఫైలుని ముట్టుకోకుండా, మొదటి రోజున లేచినట్టు శుభ్రంగా లేస్తుంది. లేచిందంటే, కంప్యూటర్ బాగుంది, పెన్‌డ్రైవ్ బాగుంది, అసలు వ్యవస్థ బాగుంది, దోషం మీరు చేర్చినదానిలోనే ఉంది అని తేలిపోయింది. మీ సేవ్ ఫైలు ఎక్కడికీ పోలేదు. దాన్ని తెరిచి మీ లెక్కలు, ఉత్తరాలు బయటికి తీసుకోవచ్చు. దీనితో కూడా లేవకపోతే మళ్ళీ ఇందాకటి తెర, పెన్‌డ్రైవ్ సమస్యల వైపు చూడాలి.

కరెంటు పోయిన తర్వాత మొరాయిస్తే ర్యామ్ బదులు ఎఫ్, ఎస్, సి, కె. పీఫిక్స్ ఈక్వల్‌టు ఎఫ్‌ఎస్‌సీకే. సేవ్ ఫైలులో చెదిరిన రాతని లేచేటప్పుడే సరిచేసే ప్రయత్నం చేస్తుంది. సేవ్ ఫైలు నిండిపోయినా డెస్క్‌టాప్ తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంది, కాబట్టి ఖాళీ ఎంతుందో చూసుకుంటూ ఉండండి.

టైనీ కోర్‌లో ఇదే పని ఇంకా తేట. అక్కడ ప్యాకేజీలని ఎక్స్‌టెన్షన్లు అంటారు. లేచేటప్పుడు ఏవేవి ఎక్కించాలో ఒక చిన్న జాబితా ఫైలులో ఉంటుంది. బూట్ వరుసలో బేస్ అని చేరిస్తే ఒక్క ఎక్స్‌టెన్షన్ కూడా ఎక్కకుండా మూల వ్యవస్థ మాత్రమే లేస్తుంది. నోరిస్టోర్ అంటే మీరు దాచిన సెట్టింగులు మాత్రమే ఎక్కవు. రెండూ విడివిడిగా ప్రయత్నిస్తే దోషం ఎక్స్‌టెన్షన్‌లోదా సెట్టింగ్‌లోదా తెలిసిపోతుంది. ఎక్స్‌టెన్షన్‌లోదే అయితే జాబితాలో సగం తీసి చూడండి. బాగైతే దోషం తీసిన సగంలో ఉన్నట్టు, బాగవకపోతే మిగిలిన సగంలో. పదహారు ఎక్స్‌టెన్షన్లున్నా నాలుగు విడతల్లో దొంగ దొరుకుతాడు.

తెలుగు సంగతి విడిగా చెప్పాలి. ఈ చిన్న వ్యవస్థల్లో చాలావాటిలో తెలుగు ఫాంటు ఉండదు. తెలుగు పేజీ తెరిస్తే గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. అది చూసి, ఇది తెలుగు రాని కంప్యూటర్ అని పక్కన పెట్టేసినవాళ్ళున్నారు. లోహిత్ తెలుగు, పోతన, రామరాజ లాంటి యూనికోడ్ ఫాంటు ఫైలు ఒకటి ఫాంట్స్ ఫోల్డర్‌లో వేసి, ఎఫ్‌సీ-క్యాష్ అనే కమాండ్ ఇచ్చి, బ్రౌజర్ మూసి తెరవండి. గళ్ళు పోయి అక్షరాలు వస్తాయి. అంతే. ఒక్క ఫైలు. టైప్ చేయడానికి కీబోర్డు సెట్టింగ్‌లో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి వస్తుంది. అలవాటవడానికి కొన్ని రోజులు పడుతుంది, ఓపిక పట్టండి.

ఈ చిన్న లినక్స్ తో కానివి కూడా చెప్పాలి. ట్యాలీ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్ లినక్స్‌కి నేరుగా లేదు. వేలిముద్రల యంత్రాల సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్‌కీ ఆండ్రాయిడ్‌కీ మాత్రమే వస్తుంది. కాబట్టి ఆ పని మీద ఆధారపడిన షాపు దీనికి మారితే ఇబ్బంది పడుతుంది. 1 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో వ్యవస్థ హాయిగా నడిచినా, ఇప్పటి బ్రౌజర్‌లో ఐదారు పేజీలు తెరిస్తే ఊపిరాడదు. చదువుకి, ఉత్తరాలకి, జీడిపప్పు లెక్కల పట్టికకి, పరీక్షల దరఖాస్తుకి మాత్రం ఢోకా లేదు.

ప్యాకేజీల్లో ఏది చేర్చినా ఒక్కసారికి ఒక్కటే చేర్చండి. చేర్చాక ఆపి, మళ్ళీ లేపి, బాగుందని చూసి, అప్పుడు రెండోది. చేర్చేముందు సేవ్ ఫైలుని ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసిపెట్టుకోండి. ఒకేసారి పది వేసినవాళ్ళకి ఏది చెడగొట్టిందో ఎప్పటికీ తెలియదు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ ఇవే.

టెక్కలి, పలాస, సోంపేటల్లో ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ చదువుతున్న పిల్లలకి ఒక విన్నపం. రెండు పెన్‌డ్రైవ్‌లు తయారుచేసి దగ్గర పెట్టుకోండి. ఒకటి 32 బిట్‌ది, ఒకటి 64 బిట్‌ది. వచ్చే సెలవుల్లో మీరు చదువుకున్న హైస్కూలుకి వెళ్ళి, హెడ్మాస్టరుగారి అనుమతి తీసుకుని, గుడ్డ కప్పి ఉన్న కంప్యూటర్లని ఒక్కొక్కటిగా లేపి చూడండి. నోమోడ్‌సెట్, పీఫిక్స్ ఈక్వల్‌టు ర్యామ్, ఈ రెండు మాటలూ ప్రయత్నించకుండా దేన్నీ పాత ఇనుముకి వేయనివ్వకండి. లేచినవాటిలో తెలుగు ఫాంటు వేసి పిల్లలకి అప్పజెప్పండి. లేవనివాటి మీద చివరిగా కనిపించిన వరుస ఏమిటో ఒక చీటీ మీద రాసి అంటించండి, తర్వాత చూసేవాళ్ళకి పని తేలికవుతుంది.